నడిమి చుక్క

కుముదినికి అసూయ ఎక్కువ. ఈ మాట ఆమె వెనకాల గుసగుసగా అనుకోవలసిందేమీ కాదు, మొహం మీదే అనొచ్చు, ఒప్పుకుంటుంది కూడా. పక్కింటివాళ్ళ కుక్కరు తన కుక్కరుకన్నా శ్రావ్యంగా కూస్తోందని వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగిన మనిషి. చెవులు అంత పదును మరి. ఆ చెవులే ఆమెకి అన్నం పెట్టాయి, పేరు తెచ్చాయి, ఆఖరికి కొంప మీదికీ తెచ్చాయి.

కాకినాడ చేపల రేవు దగ్గర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. చల్లదనం బయటికి పోకుండా గోడల నిండా మందంగా బెండు దట్టించి కట్టారు. ఇప్పుడు ఐసు లేదు గానీ, ఆ గోడల పుణ్యమా అని తలుపు వేస్తే బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి రాదు. ఎవరి గుండె వాళ్ళకి వినిపిస్తుంది. కుముదిని తన కొత్త సంగీత రచనకి ఆ హాలు కావాలని పట్టుబట్టి సంపాదించింది.

సంగీతమంటే వీణలూ మృదంగాలూ ఊహించుకోకండి. ఆమెది ఎలక్ట్రానిక్ సంగీతం. స్పీకర్లూ వైర్లూ కంప్యూటరూ ఉంటాయి, పాడేవాళ్ళుండరు. బంధువుల్లో చాలామంది దాన్ని "ఆ గుయ్యిమనేది" అంటారు. ఈసారి రచన పేరు 'లేని చప్పుళ్ళు'. లోకంలో ఎక్కడా ఇప్పుడు వినిపించని, ఎవరూ రికార్డు చేసి దాచని చప్పుళ్ళతోనే మొత్తం అల్లాలి. కాలవలో తిరగడం మానేసిన లాంచీ కూత, ఎత్తేసిన మిల్లు సైరను, కూల్చేసిన సినిమా హాల్లో తెర లేచేటప్పటి కిర్రు. అవన్నీ బతికున్నది మనుషుల జ్ఞాపకాల్లోనే.

ప్లాను కాగితం మీద వేస్తే కుదరలేదు, కంప్యూటరులో గీస్తే కుదరలేదు. చివరికి చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఫ్యాక్టరీ నేల మీద సున్నంతో చుక్కల ముగ్గు పెట్టింది. చుక్క ఉన్నచోట స్పీకరు. చుక్కల్ని చుట్టి తిరిగే గీత వినేవాళ్ళు నడవాల్సిన దారి. ముగ్గులో గీత తెగకూడదు గదా, అలాగే ఒక చప్పుడు ముగియకముందే అందులోంచి ఇంకోటి పుట్టాలి. వాళ్ళమ్మ నేర్పిన మెలికల ముగ్గే అది. అన్ని చుక్కలకీ చప్పుళ్ళు కుదిరాయి, నడిమి చుక్కకి తప్ప. మెలికలన్నీ దాన్ని చుట్టుకునే వెళతాయి. అక్కడ ఏం పెట్టినా అతికించినట్టుంది. ప్రదర్శన దగ్గర పడుతోంది, ఆమెకి తిండి సయించడం లేదు.

జ్ఞాపకంలోని చప్పుడు స్పీకర్లోకి ఎలా వస్తుందీ అంటే, అది సలోమి పని. సలోమి కుముదినికి కాలేజీనాటి స్నేహితురాలు, మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. తలకి కట్టుకునే ఒక మెత్తటి పట్టీ, దానికో పెట్టె తయారుచేసింది. దాని అసలు పేరు నోరు తిరగనిది. నూతి దగ్గరి బొక్కెన పేరే పెట్టి, ల్యాబులో అందరూ 'చేద' అంటారు. పట్టీ కట్టుకుని చప్పుడొకటి మనసులో తలుచుకుంటే, చేద దాన్ని పైకి తోడుతుంది. పెట్టెకున్న తెర మీద రెండు గీతలు కదులుతాయి. పై గీత తోడిన చప్పుడు, కింది గీత లోపల మిగిలింది.

ఆ కింది గీత ఎందుకు పెట్టారో చెప్పాలంటే వీర్రాజుగారి సంగతి చెప్పాలి. కాలవ మీద లాంచీ నడిపిన పెద్దాయన. మొదటి చేదకి కూత మసగ్గా వచ్చింది. స్పష్టంగా కావాలని వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ తోడారు. కూత అద్దంలా వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయనకి వినిపిస్తే శ్రద్ధగా విని, "బావుందండీ. ఎవరి లాంచీ ఇది?" అని అడిగాడు. చప్పట్లు కొట్టిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"తలుచుకున్నప్పుడు జ్ఞాపకం మెత్తబడుద్ది. కాసేపటికి మళ్ళీ గట్టిపడుద్ది," అని ఆ రోజు సలోమి అందరికీ చెప్పింది. "పాలు తోడుకునేటప్పుడు గిన్నె కదుపుతా ఉంటే ఏమవుద్ది? పెరుగూ అవ్వదు, పాలూ మిగలవు. ఇక మీద వారానికి ఒక్క చేదే. స్పష్టంగా రావాలంటే ఏడాది పట్టనీండి. మనిషి దగ్గర ఉన్నది మనిషి దగ్గరే ఉండాలి."

కుముదిని కూడా తల ఊపింది. అప్పటికి ఆమెకి తొందరలేదు.

ధనుంజయరావు చేద దగ్గరికి రావడం అనుకోకుండా జరిగింది. ఆయన కుముదిని భర్త, పోర్టులో పూడిక తీసే డ్రెడ్జరు మీద ఇంజినీరు. రోజంతా యంత్రాల హోరులో ఉండే మనిషి. పాటలో శ్రుతి తప్పినా తాళం తప్పినా ఆయనకి ఒకటే. ఒక ఆదివారం భార్యకి క్యారేజీ ఇవ్వడానికి ల్యాబుకి వస్తే, సలోమి ఆపింది.

"అన్నయ్యగారూ, కాసేపు కూచోండి. పట్టీ కొత్తది కట్టాం, సరిచూడాలి. ఏదో ఒక చప్పుడు తలుచుకుంటే చాలు."

"నాకేం గుర్తుంటాయమ్మా చప్పుళ్ళు," అన్నాడాయన నవ్వుతూనే పట్టీ కట్టించుకుని.

కుముదినికి సరదా పుట్టింది. "నా పాట తలుచుకోండి. కిందటేడు విశాఖపట్నంలో వేసింది. మీరు ముందు వరసలో కూచున్నారుగా."

ఆయన కళ్ళు మూసుకుని నుదురు ముడిచి చాలా కష్టపడ్డాడు. స్పీకర్లోంచి చప్పుడొచ్చింది. టకటకటక. అందరూ చెవులు రిక్కించారు. అది సీలింగు ఫ్యాను. విశాఖపట్నం హాల్లో ఆయన తలమీద తిరిగిన ఫ్యాను, రెక్క ఒకటి వదులైన చప్పుడుతో సహా. ఏడాది కష్టపడి అల్లిన గంట సంగీతంలో ఆ మనిషికి మిగిలింది అది. సలోమి నవ్వాపుకోలేక అటు తిరిగింది. కుముదిని కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగింది.

"చెప్పాగా," అంటూ ఆయన సిగ్గుపడి కుర్చీలో వెనక్కి వాలాడు. పట్టీ ఇంకా తలకే ఉంది. సలోమి దాన్ని విప్పుదామని లేచింది, తన జుట్టుకి వదులైన క్లిప్పు తీసి పెదాల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో జుట్టు ముడేసుకుంది. ధనుంజయరావు చూపు అటు పడింది.

అప్పుడు స్పీకరు కూనిరాగం తీసింది.

ఆడమనిషి గొంతు. నోరు మూసుకుని, పెదాల మధ్య ఏదో పట్టుకుని తీస్తున్న రాగం. మసగ్గానే ఉంది. నాలుగు స్వరాలు ఎక్కి, అయిదో దాని దగ్గర ఎక్కలేక నవ్వినట్టు జారిపోయి, మళ్ళీ మొదటికి వస్తోంది. జారినచోట గాలి సన్నగా ఈల వేస్తోంది. మధ్య మధ్యలో గాజులు. ఏ గురువూ నేర్పని, ఏ పుస్తకంలోనూ లేని వరస. కుముదిని స్పీకరు దగ్గరికి జరిగి చెవి ఆనించింది. నడిమి చుక్కకి కావలసింది అదే. ఒక్క క్షణం ఆమెకి ఆనందం తప్ప ఇంకేమీ తోచలేదు.

"ఎవరిదండీ అది?" అని అడిగింది సలోమి.

ధనుంజయరావు మొహం ఎర్రబడింది. భార్య వంక చూడలేదు. "హైమది. తల దువ్వుకునేటప్పుడు జుట్టు స్లైడ్లు నోట్లో పెట్టుకుని అలా అనుకునేది. రోజూ పొద్దున్నే, నేను పక్కన గడ్డం గీసుకుంటుంటే." పట్టీ అంచు తడుముతూ మెల్లిగా అన్నాడు. "నాకు రోజూ వినిపిస్తూనే ఉంటుంది. పాడ్డం వచ్చుంటే ఇందుజకి ఎప్పుడో వినిపించేవాణ్ణి."

హైమ ఆయన మొదటి భార్య. ఇందుజని కన్న ఏడాదికే జ్వరం తగిలి పోయింది. ఆ తరువాత నాలుగేళ్ళకి కుముదిని ఆ ఇంటికి వచ్చింది. హైమ ఫొటో హాల్లోనే ఉంది, కుముదిని తన చేత్తోనే తుడుస్తుంది, పండక్కి తనే దండ వేస్తుంది. ఊళ్ళో అందరూ మెచ్చుకునేవారు. హైమ మీద ఆమెకి ఏనాడూ అసూయ లేదు. ఫొటోకి చప్పుడుండదు కదా.

ఆ రోజునుంచి కుముదినికి తెల్లవారడం నరకమైంది. పొద్దున్నే ధనుంజయరావు వాష్‌బేసిన్ అద్దం ముందు నిలబడి, మొహానికి నురగ రాసుకుని, బ్లేడు ఎత్తి ఒక్క క్షణం ఆగేవాడు. ఇన్నేళ్ళూ ఆమె ఆ ఆగడం చూసి, గడ్డం ఎటునుంచి మొదలెట్టాలా అని ఆలోచిస్తున్నాడనుకుంది. ఇప్పుడు తెలిసింది. ఆయన వింటున్నాడు. ఆమె చేతి కాఫీ తాగుతూ, ఆమె ఉతికించిన బనీను వేసుకుని, ఆమె ఇంట్లో నిలబడి, ఇంకోమెని వింటున్నాడు.

పోనీ ఆ హైమ ఏమన్నా సంగీతం నేర్చుకుందా? సరళీ స్వరాలైనా తెలుసా? స్లైడ్లు నోట్లో పెట్టుకుని ఏదో గొణుక్కున్నదానికి పద్దెనిమిదేళ్ళు ఆయుష్షు. తను రక్తం ధారపోసి చేసినదానికి మిగిలింది వదులైన ఫ్యాను రెక్క. మొగుడి మనసులో ఇంకో ఆడమనిషి ఉందని మామూలు ఆడది ఏడుస్తుంది. కుముదినికి రెండు ఏడుపులు. భార్యగా ఓ ఏడుపు, పాటలు కట్టేమనిషిగా ఇంకో ఏడుపు. ఏది పెద్దదో ఆమెకే తెలియదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇందుజ వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూచుంది. ఫార్మసీ చదువుతోంది ఆ పిల్ల. కుముదినిని పిన్ని అని పిలిచినా, అమ్మ దగ్గర పోయే గారాలన్నీ ఆమె దగ్గరే పోతుంది.

"పిన్నీ, నాన్న చెప్పాడు. మా అమ్మ గొంతు వచ్చిందంటగా మిషన్లో. ఎలా ఉంది?"

కుముదిని కూరలో గరిటె తిప్పుతూనే ఉంది. "మసగ్గా వచ్చిందే. ఏం అర్థం కాలేదు."

"ఎలాగున్నా పర్లేదు. నేను ఒక్కసారి కూడా వినలేదు కదా. మాట ఎలా ఉండేదో కూడా తెలీదు నాకు. సలోమి ఆంటీ ఏడాది పాటు మెల్లిగా తీస్తే స్పష్టంగా వస్తుందన్నారంట. తీయిస్తావా?"

"చూద్దాంలే. ముందు నా ప్రదర్శన కానీ."

"థాంక్స్ పిన్నీ," అని ఆ పిల్ల వెనకనుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనించి వెళ్ళిపోయింది. ఇంకొకరైతే అక్కడికక్కడే కరిగిపోయేవారు. కుముదినికి మాత్రం ఇంకోటి తట్టింది. ఏడాది పాటు వారం వారం ఆయన కుర్చీలో కూచుని హైమని తలుచుకోవాలి. ఏడాది తరువాత ఆ గొంతు స్పష్టంగా ఇంట్లో మోగుతుంది, ఆయన లోపల కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇంట్లో ఒక హైమ, మనసులో ఒక హైమ. ఇక తనెక్కడ?

సలోమి అన్నకూతురి నిశ్చితార్థానికని సామర్లకోట వెళ్ళిన రోజు, కుముదిని భర్తని ల్యాబుకి పిలిచింది. తాళాలు ఆమె దగ్గర ఎప్పుడూ ఒక జత ఉంటాయి.

"మొన్నటిదాంట్లో కొంచెం తేడా వచ్చిందండీ. మళ్ళీ ఒకసారి చూడాలి."

"మళ్ళీ ఫ్యానే వస్తుందేమో," అన్నాడాయన.

"ఏం తలుచుకోవద్దు. ఊరికే నన్ను చూస్తూ కూచోండి."

పట్టీ కట్టింది. ఆయన ఎదురుగా చిన్న అద్దం నిలబెట్టుకుని కూచుని జడ విప్పింది. పొద్దున కొట్లో కొనుక్కొచ్చిన నల్ల స్లైడ్లు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఇనుము రుచి నాలుకకి తగిలింది. జుట్టు మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టింది. ఒక్క చప్పుడు కూడా చేయలేదు. చేయాల్సిన అవసరం లేదు. ఆమె నోరు మూసుకుని ఉంటే, ఆ ఖాళీని ఆయన మనసే నింపుకుంది.

మొదటి చేదకి మసక. రెండో చేదకి గాజులు విడిగా వినిపించాయి. మూడోదానికి ఈల వేసే గాలి, ఆ గాలిలో తడి కూడా తెలిసింది. ముగ్గుకి అది చాలు. ఆమె చెవికి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. తెర మీద కింది గీత అప్పటికే సగం పలచబడింది, అదీ చూసింది. అక్కడ ఆపితే ఆయన దగ్గర మసగ్గానైనా మిగిలేది.

ఆపలేదు. జడ విప్పి మళ్ళీ మొదటినుంచి అల్లింది. ఆ గొంతు ఆయన లోపల మిగలకూడదు అనుకుంది, అంతే. పాట కోసం అని మనసుకి సర్దిచెప్పుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ఆయన ఆమె వంకే ప్రేమగా, నమ్మకంగా చూస్తూ కూచున్నాడు. మళ్ళీ జడ విప్పింది, మళ్ళీ అల్లింది. కింది గీత నేలకి అంటుకున్న దారంలా సాఫైపోయింది.

"అయిపోయిందా?" అని అడిగాడు ధనుంజయరావు.

ఆమె స్లైడ్లు నోట్లోంచి తీసింది. "అయిపోయింది."

"నీకు జడ బావుంటుంది కుముదా. ఎప్పుడూ ముడే వేసుకుంటావేం?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఆమె జుట్టు గురించి మాట్లాడటం అదే మొదలు. ఆ రోజంతా ఆమెకి నేల మీద కాలు నిలవలేదు.

ఆ సంబరం మర్నాడు పొద్దున అద్దం దగ్గరే చప్పబడింది. ధనుంజయరావు నురగ రాసుకున్నాడు, బ్లేడు ఎత్తాడు, ఆగాడు. ఆగి, అలాగే నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. కుళాయి కట్టేశాడు. మళ్ళీ విప్పాడు.

"ఏం కావాలండీ?"

"ఏం లేదు. ఏదో మర్చిపోయినట్టుంది." కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషిలా మొహం పెట్టాడు. "గీజరు కట్టేశానా?"

"కట్టేశారు."

"అది కాదు మరి." ఆ మాటే రోజూ అనేవాడు. గీజరు, గ్యాసు, బండి తాళం. ప్రతిదీ చూసుకుని, అన్నీ సరిగానే ఉన్నాయని తేల్చుకుని, అప్పటికీ తృప్తి లేక ఆఫీసుకి వెళ్ళేవాడు. ఒకరోజు చెంప కోసుకున్నాడు. కుముదిని దూదితో అద్దుతుంటే, "నాకు చెవుడు గానీ వస్తోందా? ఇల్లు బొత్తిగా నిశ్శబ్దంగా ఉంటోంది," అన్నాడు. ఆమె దూది మార్చి మళ్ళీ అద్దింది.

సలోమి సామర్లకోట నుంచి వచ్చిన నాడే పెట్టెలో రెండు గీతలూ చూసింది. కుముదినిని పిలిచి తెర ముందు నిలబెట్టింది.

"కింది గీత చూశావా?"

"చూశాను."

"ఇప్పుడు కాదు. తోడేటప్పుడు."

సలోమి కేకలేయలేదు. తిట్టినా బావుండునని కుముదినికి అనిపించింది.

"వీర్రాజుగారి విషయంలో మనకి తెలీక జరిగింది. ఇది తెలిసి చేశావు. ఆయనకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను. ప్రదర్శన అవనీ."

"ఇంకా ప్రదర్శన గురించే," అంది సలోమి. పట్టీని బీరువాలో పెట్టి తాళం వేసింది. కుముదిని దగ్గరున్న తాళాలు అడిగి తీసుకుంది.

ప్రదర్శన రోజున ఐసు ఫ్యాక్టరీలో జనం పట్టలేదు. చెప్పులు బయట విడిచి, ముగ్గు గీత వెంట ఒకరి వెనక ఒకరు నడిచారు. లాంచీ కూత దగ్గర ముసలాళ్ళు ఆగిపోయారు. సినిమా తెర కిర్రు దగ్గర ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. గీత మెలికలు తిరిగి తిరిగి అందరినీ నడిమి చుక్క దగ్గరికి తెచ్చింది. అక్కడ హైమ తల దువ్వుకుంటోంది. నాలుగు స్వరాలు ఎక్కి, అయిదో దాని దగ్గర జారి, ఈలేసి, మళ్ళీ మొదటికి. అక్కడికి వచ్చినవాళ్ళెవరూ మాట్లాడలేదు. కుముదిని జీవితంలో ఏ రచనకీ అంత నిశ్శబ్దం దొరకలేదు. సలోమి రాలేదు.

ఇందుజ వచ్చింది. నడిమి చుక్క దగ్గర కాసేపు తల వంచి నిలబడి, కుముదిని దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "అన్నిటికన్నా అది బావుంది పిన్నీ. ఎవరిది?"

"ఎవరిదో," అంది కుముదిని. అమ్మ గొంతు రావడానికి ఇంకా ఏడాది పడుతుందనే ఇందుజ అనుకుంటోంది. పిల్ల తల్లి గొంతు పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది. ఆ గొంతెవరిదో సలోమికీ తెలుసు గానీ, ఆమెకది తెరమీది గీత. హైమ ఎలా కూనిరాగం తీసేదో, స్లైడ్లు ఎలా పట్టుకునేదో, ఆ మొత్తం బరువు ఈ భూమ్మీద కుముదిని ఒక్కదాని నెత్తిన పడింది. హైమని ఇల్లు దాటిద్దామనుకుంది. దాటించి తెచ్చి తన తలలోనే పెట్టుకుంది.

ధనుంజయరావు నడిమి చుక్క దగ్గర నిలబడి కదల్లేదు. జనం ఆయన్ని తప్పించుకుని పోతున్నారు. చివరికి కుముదినే వెళ్ళి మోచేయి పట్టుకుంది.

"ఇది ఉందే," అన్నాడు, మాటలు వెతుక్కుంటూ, "నాకు సంగీతం రాదు గానీ, ఇది మాత్రం లోపలికి వెళ్ళిపోతోంది. నువ్వే పాడావా?"

ఊఁ అంది. ఆ ఒక్క అక్షరం ఆమె నోటినుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు పొద్దున కుముదిని కాఫీ కలుపుతుంటే వాష్‌బేసిన్ దగ్గరనుంచి చప్పుడొచ్చింది. ధనుంజయరావు గడ్డం గీసుకుంటూ పాడుతున్నాడు. శ్రుతి లేదు, తాళం అసలే లేదు. అయినా గుర్తుపట్టింది. నాలుగు ఎక్కి, అయిదో దాని దగ్గర జారి. ఇన్నేళ్ళూ ఆయన లోపల గుట్టుగా ఉన్నది, ఇప్పుడు నోరు తెరుచుకుని ఇల్లంతా తిరుగుతోంది. కళ్ళు మూసుకుని మరీ పాడుతున్నాడు. పోయిన పెళ్ళాం మీద మిగిలిన పాత బెంగలా లేదది. కొత్తగా మనసుపడ్డవాడి హుషారు.

"ఏం పాడుతున్నారు?"

"నీ పాటే," అన్నాడు, అద్దంలో ఆమెని చూసి చిన్నపిల్లాడిలా నవ్వుతూ. "ఈసారి ఫ్యాను కాదు. చూశావా, మొత్తం గుర్తుంది."

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు కాచుక్కూచుందో. ఆ మాటే ఇప్పుడు చెంప మీద కొట్టినట్టు తగిలింది. స్టవ్ కట్టేసి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది.

"అది నాది కాదండీ. హైమది."

ఆయన బ్లేడు దించాడు. మొహంలో సగం నురగ. ఆమె చెప్పేది అర్థం కాక, మర్యాదగా ఆలోచించి అడిగాడు.

"హైమకి పాడ్డం వచ్చా?"

ల్యాబులో 'హైమది' అని తనే చెప్పిన సంగతి కూడా రాగంతోపాటే ఆయనకి పోయింది. కుముదినికి వీర్రాజుగారు గుర్తొచ్చారు. అక్కడే పీట మీద కూచుంది. అప్పుడు చెప్పింది. స్లైడ్లు కొన్న కొట్టునుంచి కింది గీత సాఫైపోయినదాకా, ఒక్కటి దాచకుండా. ఎందుకు చేసిందో కూడా చెప్పింది. "కుళ్ళుకున్నానండీ. పోయినావిడ మీద కుళ్ళుకున్నాను." ఇందుజ ఎప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడిందో ఇద్దరూ చూడలేదు.

ధనుంజయరావు కోపగించుకుంటాడని చూసింది. ఆయన తువ్వాలుతో సగం మొహం తుడుచుకుని కుర్చీలో కూచున్నాడు. పోగొట్టుకున్నది ఏమిటో తెలిస్తే కదా కోపం రావడానికి.

"ఆవిడ మొహం గుర్తుంది," అన్నాడు. "అద్దం ముందు నిలబడుతుంది. చేతులు కదులుతుంటాయి. నేనేమో, ఎప్పుడూ ఏం మాట్లాడకుండా అలా నిలబడేదనుకుంటున్నాను." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అంత దిగులుగా ఉండేదా నా దగ్గర, అని కూడా అనుకున్నాను ఈ మధ్య."

కుముదిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తను తీసింది ఒక్క రాగాన్నే అనుకుంది. ఆ రాగంతోపాటు హైమ సంతోషంగా ఉండేదన్న సంగతి కూడా పోయింది.

"లేదండీ. సంతోషంగానే ఉండేది. జారినచోట నవ్వేది. నేను విన్నాను."

గుమ్మంలోంచి ఇందుజ లోపలికొచ్చింది. ఏడ్చిన మొహం. కుముదిని వంక సూటిగా చూసింది, ఆ చూపులో గారం లేదు. "స్పీకర్లోది నాకొద్దు," అంది. "అది అందరూ విన్నారు. అమ్మ ఎలా అనేదో నువ్వు చూపించు. నువ్వొక్కదానివే కదా దగ్గరగా విన్నది."

"నేనా?"

"ఇంకెవరు?"

కుముదిని లేచి డబ్బాలోంచి స్లైడ్లు తీసింది. అద్దం ముందు నిలబడి ముడి విప్పి, స్లైడ్లు పెదాల మధ్య పెట్టుకుంది. ఈసారి నోరు మూసుకుని ఊరుకుంటే కుదరదు. ఆ ఖాళీని నింపడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నాలుగు స్వరాలు ఎక్కింది. ఇంత శిక్షణ పొందిన గొంతు అయిదో స్వరం సునాయాసంగా అందుకోగలదు. అందుకోకుండా, హైమ జారినట్టే జారింది. స్లైడ్ల మధ్యనుంచి గాలి ఈలేసింది. ఇందుజ గోడకి తల ఆనించి వింటోంది. ధనుంజయరావు కుర్చీలో కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆయన మొహం మెల్లగా తేటపడటం అద్దంలో కనబడుతోంది. జడ చివరిదాకా అల్లేసరికి రాగం కూడా ఆగింది.

"మళ్ళీ," అన్నాడాయన, కళ్ళు తెరవకుండానే.

కుముదిని జడ విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. వింటున్నది తననా, హైమనా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. నోట్లో స్లైడ్లు ఉన్నాయి.